యూకే స్పౌజ్ వీసా రిఫ్యూజ్ అయింది, అప్పీల్ ఎలా?

ప్రశ్న: మా తమ్ముడు గ్రాడ్యుయేట్ వీసా (యూకేలో చదువయ్యాక పనిచేసుకోనిచ్చే వీసా) గడువు ఉండగానే స్పౌజ్ వీసాకు పెట్టాడు. మరదలు బ్రిటిష్ పౌరురాలు, జీతం 26,000 పౌండ్లు. ఆమె మొదటి పెళ్లి పాపకు తొమ్మిదేళ్లు, తనూ బ్రిటిషే. ఆదాయం చాలదని రిఫ్యూజ్ చేశారు. అప్పీల్ తేలేలోగా తమ్ముడు చెల్లి పెళ్లికి ఇండియా వచ్చి వెళ్లొచ్చా?

జవాబు 1: రావద్దండి. యూకేలో ఉండి వేసిన అప్పీల్, దేశం దాటితే వదులుకున్నట్టే లెక్క. పెళ్లి వీడియో కాల్‌లో చూడమనండి.

అప్పీల్ గడువు 14 రోజులు. రిఫ్యూజల్ లెటర్ చేతికందిన రోజు నుంచి కాదు, పంపిన రోజు నుంచి. ఇమిగ్రేషన్ అప్పీళ్లు వినే ఫస్ట్ టియర్ ట్రిబ్యునల్‌కు ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. హియరింగ్‌తో 140 పౌండ్లు, కాగితాల మీదే తేల్చేస్తే 80. ఆ 60 మిగుల్చుకోవద్దు. జడ్జి ఎదుట మరదలు మాట్లాడటమే బలం.

జవాబు 2: ఆదాయం సంగతి మళ్లీ చూడండి. కనీస ఆదాయం 29,000 పౌండ్లు ఉండాలన్నది నిజమే. కానీ మీ తమ్ముడికి ఇక్కడ పనిచేసే అనుమతి ఉంది కాబట్టి తన జీతమూ కలుస్తుంది. ఇద్దరివీ ఆరు నెలల పేస్లిప్పులు, అవే మొత్తాలు పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు పెట్టారా? చాలామంది భార్యవి మాత్రమే పెడతారు.

అసలు బలం మాత్రం పాపే. 2002 నాటి యూకే ఇమిగ్రేషన్ చట్టం సెక్షన్ 117బి(6) ప్రకారం, బ్రిటిష్ పిల్లతో నిజమైన తల్లిదండ్రుల బంధం ఉండి, ఆ పిల్లను దేశం విడిచి వెళ్లమనడం సమంజసం కాకపోతే, ఇతన్ని పంపేయాల్సిన ప్రజాప్రయోజనం ఉండదు. సవతి తండ్రికీ ఇది వర్తించొచ్చు, కాకపోతే రుజువు కావాలి: బడికి దింపేది, పేరెంట్స్ మీటింగుకు వెళ్లేది తనేనని స్కూలు లెటరు, జీపీ (ఫ్యామిలీ డాక్టర్) రికార్డులు. పాప సొంత తండ్రి కలుస్తుంటే కోర్టు ఆర్డరు తప్పక జతచేయండి. ఆయన్ను వదిలి పాపను ఇండియా ఎలా తీసుకెళ్తారన్న ప్రశ్నకు హోం ఆఫీస్ (వీసాలు చూసే యూకే ప్రభుత్వ శాఖ) దగ్గర సులువైన జవాబుండదు.

పెళ్లి ఫొటోలు పది చాలు. ఆ భార్యాభర్తల బంధాన్ని ఎవరూ కాదనడం లేదు. ఇండియాలో కలిసి ఎందుకు బతకలేరన్నదే హోం ఆఫీస్ వాదన. తెలుగు కాగితాలుంటే సర్టిఫైడ్ అనువాదం ఉండాలి. రిఫ్యూజల్ తర్వాత బిడ్డ పుట్టడం లాంటి కొత్త సంగతి జరిగితే వెంటనే చెప్పండి; హోం ఆఫీస్ ఒప్పుకోకపోతే ట్రిబ్యునల్ దాన్ని చూడలేకపోవచ్చు.

ప్రశ్న: ఈలోగా తమ్ముడు ఉద్యోగం మానేయాలా?

జవాబు 1: అక్కర్లేదు. గడువులో పెట్టిన అప్లికేషన్, గడువులో వేసిన అప్పీల్ కాబట్టి 1971 ఇమిగ్రేషన్ చట్టం సెక్షన్ 3సి కింద పాత వీసా షరతులే కొనసాగుతాయి. కంపెనీవాళ్లు కంగారుపడితే పనిచేసే హక్కుందో లేదో కంపెనీలకు చెప్పే హోం ఆఫీస్ ఎంప్లాయర్ చెకింగ్ సర్వీస్‌లో అడగమనండి. వచ్చే నోటీసు ఆరు నెలలు చెల్లుతుంది, ఆ తర్వాత మళ్లీ అడగాలి.