వామీ బార్ లేని గిటార్‌తో ఆ జారే శబ్దం వస్తదా?

గిటార్ వాయించే అన్నలూ, అక్కలూ, జర చెప్పండి. నేను హన్మకొండలో ఉంటా.

మై బ్లడీ వాలెంటైన్ అనే రాక్ బ్యాండ్ తొలి ఆల్బమ్ 'ఈజన్ట్ ఎనీథింగ్' (1988) పాటలు నేర్చుకుంటున్నా. అందరూ 1991 నాటి 'లవ్‌లెస్' అంటరు గానీ నాకు ఈ గరుకుదే ఇష్టం. ఆ బ్యాండ్ గిటారిస్ట్ కెవిన్ షీల్డ్స్ వామీ బార్‌ను (తీగల శ్రుతిని జార్చే, బ్రిడ్జ్‌కుండే కడ్డీ) చేతిలో పట్టుకునే స్ట్రమ్ చేస్తడు కదా, అందుకే కార్డు (ఒకేసారి మోగే స్వరాల గుంపు) మొత్తం శ్రుతి జారి మళ్లీ లేస్తది. పైన రివర్స్ రివర్బ్ (ప్రతిధ్వనిని తిరగేసి వినిపించే ఎఫెక్ట్). పెడళ్లు గుట్టగా పోసినా ఆ చేతివాటం లేకుంటే లాభం లేదనిపిస్తుంది.

నా గిటార్ బ్రిడ్జ్ (తీగలు ఆనే కింది భాగం) కదలదు. తీగలు బెండ్ చేస్తే ఒకటో రెండో జారుతయి, కార్డంతా కాదు. మెడ వంచితే కొంచెం వస్తది, విరుగుతదేమోనని భయం. చెక్క తొలవకుండా బిగించే వామీ బార్‌లు పనికొస్తయా? వరంగల్‌లో ఎవరన్నా బిగిస్తరా, హైదరాబాద్ పోవాల్నా? లేక వామీ బార్ ఉండే జాజ్‌మాస్టర్ తరహా గిటార్ పాతది కొనుడే నయమా?

ఇంకోటి: ఓనర్ వాళ్లు కిందనే ఉంటరు, హెడ్‌ఫోన్స్ తప్ప దారి లేదు. ఫోన్‌లో నడిచే మంచి రివర్స్ రివర్బ్ యాప్ ఉంటే పేరు చెప్పండి.