కొత్త ఆఫీసు బిల్డింగ్‌లో టేబుల్ టేబుల్‌కీ కేబుల్ లాగించాలా, వైఫై చాలదా?

ఆడిటర్_బిల్డింగ్:
విజయవాడలో బందరు రోడ్డుకి రెండు వీధుల వెనక మాదో చిన్న స్థలం ఉంది. కింద పార్కింగ్, పైన మూడు అంతస్తులు. ఒకదాంట్లో మా ఆడిటింగ్ ఆఫీసు, మిగతా రెండూ అద్దెకి. గోడలు లేచాయి, సోమవారం నుంచి ప్లాస్టరింగ్. నెట్‌వర్క్ కాంట్రాక్టరేమో టేబుల్‌కి రెండు పాయింట్ల చొప్పున క్యాట్ సిక్స్ ఏ (మామూలు క్యాట్ సిక్స్ కంటే పై రకం నెట్‌వర్క్ కేబుల్) వేయాలంటున్నాడు. హైదరాబాద్‌లో ఉండే మా అల్లుడు "ఈ రోజుల్లో ఇంకా వైర్లేంటి మావయ్యా, ఫ్లోర్‌కి రెండు వైఫైలు పెట్టించండి" అంటున్నాడు. కాంట్రాక్టర్ మాట వింటే ఖర్చు, అల్లుడి మాట వింటే భయం. ఏం చేయమంటారు?

బెంజిసర్కిల్_కుర్రాడు:
అల్లుడు గారిదే కరెక్ట్ అండి. మా ఆఫీసులో ఇరవై మందిమి, అందరివీ ల్యాప్‌టాప్‌లే. సగం వాటికి నెట్‌వర్క్ కేబుల్ గుచ్చే లాన్ పోర్టే లేదు. అప్పట్లో గోడ గోడకీ పెట్టించిన పాయింట్ల ముందు ఇప్పుడు క్యాలెండర్లు వేలాడుతున్నాయి. అద్దె ఫ్లోర్లకైతే అసలొద్దు. వచ్చేవాడు కోచింగ్ సెంటర్ పెడతాడో, డయాగ్నస్టిక్ ల్యాబ్ పెడతాడో మీకేం తెలుసు?

క్రింపింగ్_మాస్టర్:
నాది ఇదే పని, నా మాటలో స్వార్థం ఉందనుకుంటే అనుకోండి. ఆ వైఫై డబ్బా సీలింగ్‌కి బిగిస్తారు కదా, దానికి నెట్ ఎలా వస్తుంది? కరెంటు ఎలా వస్తుంది? రెండూ ఒక్క కేబుల్‌లోనే. పీఓఈ అంటారు, నెట్ కేబుల్‌లోనే కరెంటు పంపే పద్ధతి. దాని మొదటి ప్రమాణం 2003లో వచ్చినప్పుడు నెట్‌వర్క్ స్విచ్ (కేబుళ్లన్నీ వచ్చి కలిసే పరికరం) పోర్టు నుంచి 15.4 వాట్లు, 2009లో 30, 2018కి 90 దాకా వెళ్లింది. వైర్‌లెస్ అనేది ఆ చివరి పది మీటర్లే.

పైగా మీది ఆడిటర్ ఆఫీసు. ట్యాలీ డేటా ఒక సిస్టంలో పెట్టి మిగతా అందరూ అందులోంచే తెరుస్తారు. 20వ తేదీ, జీఎస్టీ త్రీబీ రిటర్నుకి ఆఖరి రోజు, ఎంట్రీ కొడుతుండగా వైఫై ఒక్క క్షణం తెగిందంటే చాలు. డేటా కరప్టయి, దాన్ని బాగుచేసే రీరైట్ కొట్టి స్క్రీన్ వంక చూస్తూ కూర్చున్న ఆఫీసులు నాకు తెలుసు.

గవర్నర్‌పేట_సిస్టమ్స్:
మాస్టర్ గారితో సగమే ఒప్పుకుంటా. కేబుల్ కావాలి సరే, సిక్స్ ఏ దేనికి? మామూలు క్యాట్ సిక్స్ మీద 1 గిగాబిట్ వేగం 100 మీటర్లు పోతుంది. 10 గిగాబిట్ కావాలన్నా 55 మీటర్ల దాకా వస్తుంది, కట్టలు కట్టి బిగిస్తే 37 అనుకోండి. వీరి ఫ్లోర్ మూల నుంచి మూలకి కొలిచినా ముప్పై దాటదేమో. 2016 ప్రమాణం ప్రకారం అయితే సిక్స్ మీద 5 గిగాబిట్ 100 మీటర్లూ పోతుంది. సిక్స్ ఏ లావుది, మొండిది. ముప్పావు ఇంచి పైపులో రెండు దూర్చాక మూడోది లాగితే చుక్కలు కనిపిస్తాయి. కేబుల్ లావుకి నాలుగు రెట్ల కంటే ఇరుగ్గా వంచకూడదు, మన గోడ బాక్సుల్లో ఆ చోటేదీ?

క్రింపింగ్_మాస్టర్:
సిక్స్ ఏ దేనికంటారా? కట్టలు కట్టిన కేబుళ్లలో 90 వాట్లు పోతుంటే వేడెక్కదా? అదీ మే నెలలో, బెజవాడలో, ఫాల్స్ సీలింగ్ పైన. వేడి పెరిగేకొద్దీ సిగ్నల్ నష్టమూ పెరుగుతుంది.

గవర్నర్‌పేట_సిస్టమ్స్:
ఆడిటర్ ఆఫీసులో 90 వాట్లు తాగే వస్తువేంటో చెప్పండి మాస్టారూ.

గుంటూరు_మిర్చి:
సిక్సా, సిక్స్ ఏనా అన్నది తర్వాత. లోపల ఉన్నది రాగేనా? మా కోల్డ్ స్టోరేజీలో పదహారు కెమెరాలు పెట్టించాం. పగలంతా బంగారంలా పనిచేసేవి. సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి చివరి షెడ్డు వైపు నాలుగూ ఒక్కొక్కటే ఆరిపోయేవి, మళ్లీ వచ్చేవి, మళ్లీ ఆరిపోయేవి. రెండు కెమెరాలు మార్చాం, స్విచ్ మార్చాం. ఆఖరికి ఒక కుర్రాడొచ్చి వైరు చివర బ్లేడుతో గీకాడు. పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం! చీకటి పడగానే కెమెరాలో ఐఆర్ లైట్లు వెలుగుతాయి, కరెంటు ఎక్కువ లాగుతుంది. అల్యూమినియం మీద రాగి పూత వేసిన తీగకి నిరోధం దాదాపు ఒకటిన్నర రెట్లు. ఎనభై మీటర్ల అవతలికి వోల్టేజి చాలేది కాదు. డబ్బా మీద మాత్రం క్యాట్ సిక్స్ అనే అచ్చు వేశారు. నిజానికి ఆ ప్రమాణంలో ఈ పూత తీగకి చోటే లేదు. 305 మీటర్ల డబ్బా చేత్తో ఎత్తి చూడండి, తేలిగ్గా లేచిందంటే అనుమానించాల్సిందే.

సింగ్‌నగర్_వాసి:
ర్యాకు (కేబుళ్లన్నీ చేరే, స్విచ్ పెట్టే పెట్టె) ఎక్కడ పెడుతున్నారో ఎవరూ అడగలేదు. మాది పార్కింగ్‌లో మెట్ల కింద ఉండేది. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు స్విచ్, యూపీఎస్, రికార్డరు అన్నీ నీళ్లలోనే. పై అంతస్తుల్లో కేబుళ్లకి ఏమీ కాలేదు, వాటిని కలిపే పెట్టే పోయింది. బందరు రోడ్డు వైపు నీళ్లు రావనుకోకండి, మొదటి అంతస్తులో పెట్టించండి.

ఆడిటర్_బిల్డింగ్:
అందరికీ థ్యాంక్స్. ఇంకో సందేహం. మా ఎలక్ట్రీషియన్ "ఫ్యాను వైర్ల పైపులోనే దీన్నీ తోసేద్దాం సార్, మళ్లీ గోడ కోయక్కర్లేదు" అంటున్నాడు. పర్లేదా?

గవర్నర్‌పేట_సిస్టమ్స్:
వద్దే వద్దు. 230 వోల్టుల వైరుకి ఎక్కడైనా తొడుగు ఊడితే ఆ కరెంటు మీ స్విచ్‌లోకి వస్తుంది. వేరే పైపు, కనీసం జానెడు దూరం. దాటక తప్పని చోట అడ్డంగా దాటించండి, పక్కపక్కన పరిగెత్తించొద్దు. ప్రతి ఫ్లోర్‌కీ ఒక ఇంచి పైపు ఖాళీగా వేసి, లోపల నైలాన్ తాడు వదిలేయండి.

బెంజిసర్కిల్_కుర్రాడు:
ఖాళీ పైపుకి నాకూ అభ్యంతరం లేదు. అద్దె ఫ్లోర్లలో పైపులు, సీలింగ్‌లో వైఫై కోసం రెండు కేబుళ్లు, అంతే. టేబుల్ పాయింట్లు అద్దెకొచ్చేవాడి ఖర్చు. ఇందులో మాత్రం నేను తగ్గను.

క్రింపింగ్_మాస్టర్:
సరే బాబూ. సీలింగ్ మూసేశాక వాడు నాకే ఫోన్ చేస్తాడు. అప్పటి రేటు వేరే.

ఆడిటర్_బిల్డింగ్:
మేస్త్రీని రెండు రోజులు ఆగమన్నా, ఆ రెండు రోజుల కూలి ఎవరిస్తారంటున్నాడు. కాంట్రాక్టర్‌తో ఒక డబ్బా తెప్పించి అతని ముందే బ్లేడుతో గీకాను. లోపలా ఎర్రగానే ఉంది, అతని మొహం మాత్రం కాస్త మాడింది. మా ఫ్లోర్‌కి సిక్సే ఖాయం చేశా. అల్లుడికి ఇంకా చెప్పలేదు.