పాత కారులో పసుపు ఇంజిన్ లైటు: అమ్మినవాడు చెరిపేసి ఇచ్చాడా?

మహదేవపుర_కొత్తకాపు:
బెంగళూరు సర్జాపుర రోడ్డులో ఒక డీలర్ దగ్గర 2016 మోడల్ పెట్రోల్ బండి తీసుకున్నాను. ఊళ్లో తిరిగినన్నాళ్లు ఏమీ లేదు. మొన్న తిరుపతికి బయలుదేరితే కోలారు దాటాక ఇంజిన్ బొమ్మ పసుపు రంగులో వెలిగింది. మిణుకుమిణుకుమనడం లేదు, నిలకడగా ఉంది. పికప్ బాగానే ఉంది, వేడెక్కడం లేదు. డీలర్‌కు ఫోన్ చేస్తే "పాత బండి అన్నాక ఒకటో రెండో లైట్లు వెలుగుతాయి సార్" అన్నాడు. ఇలాగే నడపవచ్చా? ఎవరికి చూపించాలి? బండికి ఉన్న తెలంగాణ నంబరు తీసి కర్ణాటక నంబరు వేయించుకోవడానికి ఇది అడ్డవుతుందా?

హొసూరురోడ్డు_బాబాయ్:
బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, టీ తాగి వచ్చి బిగించండి. పోతుంది. నా బండికి ఎప్పుడు వచ్చినా ఇదే వైద్యం.

స్కానర్_మామ:
బాబాయ్ గారూ, మీకో దండం. అది వైద్యం కాదు, జ్వరం చూపించిందని థర్మామీటర్ పగలగొట్టడం. తమ్ముడూ, బ్యాటరీ జోలికి వెళ్లకు. వైరు తీస్తే చాలా బండ్లలో కారు కంప్యూటర్ రాసుకున్న లోపం కోడ్‌తోపాటు, లోపం నమోదైనప్పుడు ఇంజిన్ ఎంత వేగంలో, ఎంత వేడిలో ఉందో దాచుకున్న వివరం కూడా పోతుంది.

డీలర్ కోడ్‌లు చెరిపేసి ఇచ్చాడేమోనన్న నీ అనుమానంలో పస ఉంది. కోడ్‌లు చెరిపేస్తే కంప్యూటర్ తన పరీక్షలన్నీ మొదటినుంచి చేసుకోవాలి. కేటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా) పరీక్ష మామూలుగా బండి కాసేపు ఒకే వేగంతో సాగితేగాని పూర్తికాదు. సిల్క్‌బోర్డు దగ్గర అంగుళం అంగుళం జరిగే బండికి ఆ యోగం ఎక్కడిది? హైవే ఎక్కావు, పరీక్ష జరిగింది, లైటు వచ్చింది. కొనేముందు కోడ్‌లు చదివే స్కానర్ పెట్టి, ఏ పరీక్షలు పూర్తయ్యాయో చూపే 'రెడీనెస్' పేజీ చూసి ఉంటే అప్పుడే గుట్టు బయటపడేది. నేనెవరి వెంట బండి చూడటానికి వెళ్లినా టైర్లకన్నా ముందు చూసేది అదే. అందుకే డీలర్లకు నా ముఖం గిట్టదు.

బేస్‌మెంట్_బాధితుడు:
ఇవన్నీ తర్వాత. ముందు బానెట్ ఎత్తి ఎలుక పెంటికలు ఉన్నాయేమో చూడండి. మా అపార్ట్‌మెంట్‌లో బీ2 పార్కింగు మొత్తం వాటి రాజ్యమే. నాకూ ఇదే లైటు. చూస్తే, పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెన్సర్ వైరు రాగి మెరిసేదాకా కొరికి ఉంది. పొగాకు కాడలు కట్టాను, వాటి పక్కనే గూడు పెట్టాయి.

డల్లాస్_రిటర్న్:
ఎవరూ అసలు సంగతి చెప్పడం లేదు. పెట్రోల్ ట్యాంకు మూత! మూత సరిగా బిగియకపోయినా ఈ లైటు వస్తుంది. క్లిక్కుమనేదాకా తిప్పి రెండు రోజులు చూడండి. అమెరికాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

స్కానర్_మామ:
అక్కడ నిజమే. ట్యాంకు ఆవిరి లీకును కారు తనంతట తాను పరీక్షించుకోవాలని అక్కడి నిబంధన. పీ0455 లాంటి కోడ్‌లు అందుకే వస్తాయి. మన ప్రమాణాలు యూరోపు బాటలోవి. ఇక్కడ అమ్మే మామూలు కార్లలో చాలావాటికి ఆ పరీక్షే లేదు. రాయని పరీక్షలో ఫెయిలవడం ఎలాగండీ?

డల్లాస్_రిటర్న్:
పైసా ఖర్చులేని సలహా ఇస్తే ఇంత పాఠమా? అక్కడ నా బండ్లకు బ్రేకులు కూడా నేనే మార్చుకున్నాను. మామ అని పేరు పెట్టుకున్నంత మాత్రాన అందరూ మీ అల్లుళ్లు కారు.

స్కానర్_మామ:
బ్రేకులు మార్చినవారికి కోడ్ చదవడమూ రావాలి. మూత బిగించి "రెండు రోజులు చూడండి" అంటారు, ఈలోపు లైటు మిణుకుమనడం మొదలైతే? సిలిండర్‌లో మంట తప్పుతోందని అర్థం. మండని పెట్రోల్ పోయి కన్వర్టర్‌ను కాల్చేస్తుంది.

డల్లాస్_రిటర్న్:
నిలకడగా ఉందని ఆయన మొదటి పోస్టులోనే రాశారు. చదవడం గురించి మీరే చెప్పాలి.

కోరమంగళ_కోడలు:
మీ మూత తగువు తేలేలోపు నా గోడు వినండి. మాది బీఎస్6 డీజిల్. ఇంటికీ ఆఫీసుకీ మధ్యే తిరిగి మసి ఫిల్టర్ లైటు వచ్చింది. సర్వీస్ సెంటర్‌వాళ్లు ఏకంగా ఫిల్టరే మార్చాలన్నారు. మాన్యువల్ తీసి చదివి, నైస్ రోడ్డు మీద అరవై దాటిన వేగంతో ఇరవై నిమిషాలు తోలాను. మసి కాలిపోయింది, లైటు ఆరింది. మా ఆయన ఇప్పటికీ నమ్మడు. ఊరు దాటనివాళ్లు డీజిల్ కొనకండి.

హొసూరురోడ్డు_బాబాయ్:
పొల్యూషన్ సర్టిఫికెట్ చేతిలో ఉంటే ఈ లైటుతో పనేమిటి?

స్కానర్_మామ:
ఆ పరీక్షలో సైలెన్సర్‌లో గొట్టం పెట్టి పొగ కొలుస్తారు, కారు కంప్యూటర్‌ను చదవరు.

మహదేవపుర_కొత్తకాపు:
బ్లూటూత్ స్కానర్ తెప్పించి స్టీరింగ్ కింద సాకెట్‌లో పెట్టాను. పీ0420 అని కోడ్ వచ్చింది. గ్యారేజీలో కన్వర్టర్ మార్చాలంటున్నారు, ధర విని మాట రాలేదు. ఎలుకల జాడ లేదు. మూత బిగించే ఉంది.

స్కానర్_మామ:
ఆగు, డబ్బు కట్టకు. కన్వర్టర్ పని సరిపోవడం లేదని ఆ కోడ్ చెబుతుంది, ఎందుకో చెప్పదు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయించి, సైలెన్సర్ పైపు జాయింట్ల దగ్గర టపటపమని గాలి చప్పుడు వస్తోందా విను. లీకున్నా ఇదే కోడ్. తర్వాత స్కానర్‌లో, కన్వర్టర్‌కు ముందూ వెనకా ఉండే రెండు ఆక్సిజన్ సెన్సర్ల గీతలు పక్కపక్కన చూడు. ఇంజిన్ వేడెక్కాక వెనకది దాదాపు నిలకడగా ఉండాలి. ముందుదానితో సమానంగా పైకీ కిందికీ ఊగుతుంటే, లీకు కూడా లేకపోతే, కన్వర్టర్ పోయినట్టే. కన్వర్టర్‌ను కిందినుంచి తట్టి కూడా చూడు. ప్లాటినం, పల్లాడియం, రోడియం కోసం లోపలి దిమ్మ తీసేసి ఖాళీ డబ్బా వెల్డింగ్ చేసిన బండ్లు నా కళ్లతో చూశాను. కొత్త వెల్డింగ్ గీత ఉంటే ఫొటో తీసుకుని డీలర్ దగ్గరికి వెళ్లు.

బేస్‌మెంట్_బాధితుడు:
పెంటికలు లేవంటే ఎలుకలు లేవని కాదు. రాత్రి వెళ్లి చూడండి.

కేఆర్‌పురం_కారు:
రిజిస్ట్రేషన్ మాట ఎవరూ ఎత్తలేదు. లైటుకూ దానికీ లంకె లేదు. వేరే రాష్ట్రపు బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచుకుంటే కర్ణాటక నంబరు వేయించాలి. తెలంగాణ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చుకుని, ఇక్కడ జీవితకాల పన్ను కట్టాలి. అయితే డీలర్‌తో ఈ తగాదా తేలేదాకా ఎన్‌ఓసీకి పెట్టకండి. బండి వెనక్కి ఇవ్వాల్సి వస్తే కాగితాలు అడకత్తెరలో పడతాయి.

కోరమంగళ_కోడలు:
అక్కడ కట్టిన పన్ను ఎవరికైనా తిరిగి వచ్చిందా? మా ఆయన ఆంధ్రా బండి కోసం అడుగుతున్నాను.