బోరు నీళ్ళతో రేడియేటర్ కడగొచ్చా? ఇది ఇంటి పనా, షెడ్డు పనా?

ఒంగోలు డీజిల్:
అన్నలూ, నాది పన్నెండేళ్ళ డీజిల్ కారు. మొన్న చీమకుర్తి నుంచి గ్రానైట్ టిప్పర్ల వెనక పాక్కుంటా వస్తుంటే టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి లేచింది. ఏసీ ఆపితే దిగింది. ఇంటికొచ్చి చల్లారినాక రేడియేటర్ మూత తీస్తే, ఆకుపచ్చగా ఉండాల్సిన కూలెంటు, అదే ఇంజిన్ని చల్లబరిచే ద్రవం, చింతపండు పులుసు రంగులో ఉంది. మా వీధి మెకానిక్కేమో "కింద ప్లగ్గు తీసి, మేడ మీద ట్యాంకు పైపు పెట్టి కడిగేసి కొత్తది పోసుకో, దానికి నా దాకా ఎందుకు" అంటాడు. మా బావేమో ఇంట్లో ముట్టుకుంటే ఇంజిన్ పోయిద్ది అంటాడు. మాకున్నది బోరు. ఎవరి మాట వినేది?

ఆటోనగర్ పానా (నెల్లూరు):
మీ బావ మాటే వినండి. ఇంట్లో కడుక్కుని, ఆనక తాడు కట్టి మా షెడ్డుకి లాక్కొచ్చే బండ్లు ప్రతి ఎండాకాలం చూస్తానే ఉండా. కడగడం ఎవురైనా కడుగుతారు. తిరిగి పోసేటప్పుడు లోపల గాలి ఇరుక్కుంటాది చూడండి, తంటా అంతా ఆడనే. పైన డబ్బా నిండుగా కనపడతాది, ఇంజిన్ పై భాగం, అదే హెడ్డు, దాని దగ్గర చుక్క ఉండదు. ముల్లుని నమ్ముకుందామా అంటే, సెన్సారు నీళ్ళల్లో మునిగుంటేనే దానికి వేడి సరిగ్గా తెలిసేది. హెడ్డు కిందుండే సీలు, అదే గ్యాస్కెట్, పోయినాక లబోదిబోమంటారు. ఇంకోటి, పన్నెండేళ్ళ బండికి ఆ ప్లాస్టిక్ ప్లగ్గు అప్పడంలా విరుగుతాది.

కావలి ట్రాక్టర్:
ఎందుకన్నా పిల్లోణ్ణి భయపెడతావు. మా నాయన ట్రాక్టరుకి ముప్పయ్యేళ్ళు చెరువు నీళ్ళే పోశాడు. కూలెంటు అనే మాటే ఎరగడు. మనదేమన్నా మంచు పడే ఊరా? రోహిణి కార్తెలో నీళ్ళు గడ్డ కడతాయా ఏంది? అమ్ముకునేవాళ్ళ కబుర్లు ఇవన్నీ.

ఉప్పునీళ్ళోడు (సింగరాయకొండ):
కావలి అన్నా, గడ్డ కట్టకుండా చూడటం కూలెంటు పనుల్లో ఒకటి మాత్రమే. మనకి కావాల్సింది తుప్పు పట్టనీయకపోవడం. మీ నాయన ట్రాక్టరుది దుక్క ఇనుము, నీళ్ళు తిరిగే దారులు విశాలం. ఇప్పటి కార్లకి అల్యూమినియం హెడ్డు, రేడియేటర్లో సన్నటి గొట్టాలు. పైగా ఉత్త నీళ్ళు 100 డిగ్రీలకి మరిగితే, సగం కూలెంటు కలిపినవి 106, 107 దాకా ఆగుతాయి. మూత బిగించినాక ఆ ప్రెషర్‌కి ఇంకా పైకి పోయిద్ది. వేడిని మోసుకుపోవడంలో మాత్రం నీళ్ళదే పైచెయ్యి, అది ఒప్పుకుంటా. అందుకే ఉత్త కూలెంటే నింపినా తప్పే.

ఇంట్లో చెయ్యొచ్చా అంటే, నిక్షేపంగా చెయ్యొచ్చు. నాలుగేళ్ళ కింద నేనూ చేసి బండి పాడుచేసుకున్నా. తప్పు చేతులది కాదు, నీళ్ళది. బోరు పైపు పెట్టి తేటగా వచ్చిందాకా వదిలా. రెండో ఎండాకాలానికి రేడియేటర్ మూసుకుపోయింది. షెడ్డులో విప్పి చూపించారు: గొట్టాల మూతుల్లో తెల్లటి గార, నీళ్ళు కాచుకునే రాడ్డుకి పట్టే గారే. గోరుతో గీకితే పొడిపొడిగా రాలింది.

ఒంగోలు తమ్ముడూ, ఈ లెక్క చూడు. ప్లగ్గు తీస్తే రేడియేటర్లోదే కారిద్ది, ఇంజిన్ దిమ్మ, అదే బ్లాకు, దాంట్లోది కదలదు. మొత్తం అయిదు లీటర్లు పట్టే బండి అనుకో, రెండున్నర లోపలే ఉండిపోతాయి. బోరుతో కడిగితే ఆ రెండున్నరా బోరు నీళ్ళే. వాటి మీద షాపులో సగానికి సగం కలిపి అమ్మే కూలెంటు పోస్తే చివరికి లోపల ఉండేది పావు వంతు. పచ్చగా కనపడిద్ది, పని చెయ్యదు.

నేనిప్పుడు చేసేది ఇదీ. రాత్రంతా చల్లారిన బండికి పొద్దున్నే ప్లగ్గు తీస్తా. డిస్టిల్డ్ వాటర్, అదే మన బ్యాటరీ వాటర్, క్యాన్లతో తెచ్చి పోసి, హీటరు ఫుల్లు వేడిలో పెట్టి స్టార్ట్ చేస్తా. పై హోసు పైపు చేతికి చురుక్కుమన్నదాకా ఆగాలి. థర్మోస్టాట్, అంటే ఇంజిన్ వేడెక్కినాకే నీళ్ళని రేడియేటర్లోకి వదిలే వాల్వు, తెరుచుకుని బ్లాకులో నీళ్ళు తిరిగాయని అదే గుర్తు. (ఫ్యాను ఎప్పుడు తిరిగిద్దో చెప్పలేం, చెయ్యి జాగ్రత్త.) ఆపి, చల్లారనిచ్చి, తీసేసి, మళ్ళీ. నాకు మూడు సార్లకి తేటపడింది. ఆఖర్న నీళ్ళు కలపని చిక్కటి కూలెంటు రెండున్నర లీటర్లు కొలిచి పోస్తా, ఇంకా పడితే బ్యాటరీ వాటర్. ఒక పూట పోయిద్ది, అంతే.

కందుకూరు కుర్రోడు:
బ్యాటరీ వాటర్ ఎందుకు, ఏసీ నుంచి రోజూ బకెట్ నీళ్ళు కారతాయి గదా? లేకపోతే ఆర్వో క్యాన్?

ఉప్పునీళ్ళోడు:
ఏసీ నీళ్ళల్లో ఉప్పుండదు, నిజమే. కానీ కాయిల్ మీద దుమ్మూ పాచీ కడుక్కుని వచ్చేవే అవి. ఆర్వో బోరు కన్నా నయం, అయినా అందులోనూ కొంత ఉప్పు మిగిలిద్ది. దారిలో ఆగిపోతే పోసుకో, కడగడానికి వద్దు.

కావలి ట్రాక్టర్:
సరే, బోరు సంగతి వదిలేద్దాం. నా కారుకి థర్మోస్టాట్ పీకించేశా, అప్పట్నుంచి ముల్లు లేవలేదు. అదొక్కటీ చేసుకుంటే చాలు.

ఆటోనగర్ పానా:
జొరం చూసే గొట్టం పగలగొట్టి జొరం తగ్గిందన్నట్టుండాది. అది లేకపోతే ఇంజిన్ ఎక్కాల్సిన వేడి ఎక్కదబ్బా, డీజిల్ తాగతాది. సింగరాయకొండాయన లెక్క బాగుండాది, కాదనను. మా షెడ్లలో కూడా అంత ఓపిగ్గా మూడు సార్లు ఎవురూ కడగరు, ఉన్న మాట. గాలి సంగతి మాత్రం ఆయన చెప్పనే లేదు. బండి ముందు భాగం ఎత్తులో పెట్టి, మూత తీసి, బుడగలు ఆగిందాకా నిదానంగా పొయ్యాల. మర్నాడు చల్లటి ఇంజిన్ మీద మళ్ళీ చూడాల. వేడి మీద మూత జోలికి పోబాకండి. మా దగ్గర పని నేర్చుకునే పిలగాడికి మోచేతి దాకా బొబ్బలెక్కినాయి.

ఒంగోలు డీజిల్:
ఆదివారం చేశా. ప్లగ్గు విరగలేదు. మొదటిసారి పులుసు, రెండోసారి పలచటి టీ, మూడోసారి తేట. పాత కూలెంటు బకెట్ దగ్గరికి వీధికుక్క వచ్చి నాకబోయింది, తియ్యగా ఉంటదంట. తాగితే కిడ్నీలు పోతాయని మా ఆవిడ అరిచిందాకా నాకు తెలీదు. మూతున్న క్యాన్‌లో పోసి పైన పెట్టా. కూలెంటు పోసినాక గంట తిప్పినా ముల్లు సగం దగ్గరే ఉంది. కానీ ఈ పొద్దున చూస్తే డబ్బాలో రెండు వేళ్ళు తగ్గింది. కింద తడి లేదు. కారిందంటారా?

ఆటోనగర్ పానా:
కారలా. నేను చెప్పిన గాలి అదే, ఇప్పుడు బైటికొచ్చింది. గీత దాకా పోసి, రేపు పొద్దున మళ్ళీ చూడండి. రేపు కూడా తగ్గితే అప్పుడు మీ బావని పిలవండి.