వీలునామా దావా: ప్రతివాదులు ఎక్స్‌పార్టీ అయ్యాక కూడా అటెస్టర్‌ని (వీలునామా మీద సాక్షిగా సంతకం చేసినవారిని) పిలవాలా?

చర్చకు పెట్టిన ప్రశ్న: తండ్రి రిజిస్టర్డ్ వీలునామాతో 2 ఎకరాల 40 సెంట్లు కొడుక్కి రాశారు. కొడుకు హక్కు ప్రకటన కోరుతూ ముగ్గురు అక్కచెల్లెళ్ల మీద దావా వేశాడు. వాళ్లు కోర్టుకు రాలేదు, ఎక్స్‌పార్టీ అయ్యారు, అంటే వాళ్లు లేకుండానే విచారణ సాగుతోంది. వాది అఫిడవిట్ వేసి వీలునామా మార్క్ చేయిస్తే (సాక్ష్యంగా కోర్టు రికార్డులో చేర్పిస్తే) సరిపోతుందా?

పల్నాడు ప్లీడరు: సరిపోతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 8 రూల్ 5(2) ప్రకారం ప్రతివాది జవాబు వేయకపోతే దావాలో రాసిన సంగతుల మీదే తీర్పు చెప్పవచ్చు. అభ్యంతరం ఉంటే వచ్చేవాళ్లు కదా. అటెస్టర్ కోసం తిరగడమంటే వాయిదాలు పెంచుకోవడమే.

ఎగ్జిబిట్ ఎ1: "చెప్పవచ్చు" అనే ఉందండీ ఆ రూల్లో, "చెప్పాలి" అని లేదు. జవాబు లేదు కదా అని కళ్లు మూసుకుని డిక్రీ ఇవ్వకూడదని 1999లో బల్‌రాజ్ తనేజా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా వీలునామాకు లెక్క వేరు. పాత సాక్ష్య చట్టం సెక్షన్ 68, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 67: అటెస్టర్ బతికి ఉండి, సాక్ష్యం చెప్పగలిగితే ఒక్కరినైనా పిలవాల్సిందే. మిగతా రిజిస్టర్డ్ దస్తావేజులకు అవతలివాళ్లు కాదంటేనే అటెస్టర్ కావాలి. వీలునామాకు ఆ మినహాయింపు లేదు.

ఎక్కువగా బోల్తాపడేది అటెస్టర్ అఫిడవిట్ దగ్గర. "సంతకం నాదే" అని రెండు లైన్లు రాసి పంపుతారు. తండ్రి తన ఎదుట సంతకమో వేలిముద్రో వేశారని, తాను ఆయన ఎదుట సంతకం చేశానని, రెండో అటెస్టర్ కూడా ఆయన ఎదుటే చేశాడని మూడూ రావాలి. ఒక్క అటెస్టరే వచ్చి ఆ మూడోది చెప్పకపోతే వీలునామా రుజువు కానట్టే. 2002లో జానకీ నారాయణ్ భోయిర్ కేసులో సుప్రీంకోర్టులో తేలింది సరిగ్గా అదే.

పల్నాడు ప్లీడరు: ఇద్దరు అటెస్టర్లూ చనిపోయి ఉంటే?

ఎగ్జిబిట్ ఎ1: అప్పుడు పాత చట్టం సెక్షన్ 69, ఇప్పటి చట్టం సెక్షన్ 68. ఒక అటెస్టర్ చేతిరాతనీ, తండ్రి సంతకాన్నీ గుర్తుపట్టగలవాళ్లు చాలు. అటెస్టర్ కొడుకైనా చెప్పవచ్చు. మరణ ధ్రువపత్రాలు జతచేయండి. దస్తూరీ చేసినవాణ్ని తెచ్చి సరిపెట్టొద్దు, అతను రాసినవాడిగా సంతకం పెట్టాడే గానీ అటెస్టర్‌గా కాదు.

పొలంగట్టు: సమన్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. రిజిస్టర్డ్ పోస్టు కవరు మీద "డోర్ లాక్" అని రాసి తిరిగొస్తే అందినట్టు కాదు. మళ్లీ పంపండి, కుదరకపోతే ఆర్డర్ 5 రూల్ 20 కింద పేపరు ప్రకటనకు పిటిషన్ వేయండి. సమన్లు సరిగా అందకపోతే ఆ అక్కచెల్లెళ్లకు డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు ఉంటుంది. ఆరేళ్లకు తెలిసినా వచ్చి ఆర్డర్ 9 రూల్ 13 కింద ఆ డిక్రీని కొట్టేయించుకోవచ్చు.

షెడ్యూలు (దావాలో రాసే ఆస్తి వివరాలు) కూడా చూసుకోండి. వీలునామాలో "చెరువు కింద మడి" అని మాత్రమే ఉంటే దావాలో సర్వే నంబరు, సబ్‌డివిజన్, నాలుగు హద్దులు రాసి అడంగల్‌తో (రెవెన్యూ వాళ్ల పొలం రికార్డుతో) సరిపోల్చండి. తేడా వస్తే డిక్రీ చేతిలో ఉన్నా మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) ఆగుతుంది.

పల్నాడు ప్లీడరు: అటెస్టర్ విషయం ఒప్పుకుంటున్నాను. కానీ అక్కచెల్లెళ్లకు నిజంగా అభ్యంతరం లేకపోతే అసలు దావా ఎందుకు? సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో హక్కు విడుదల దస్తావేజు రాయించుకుంటే పోయేది.

ఎగ్జిబిట్ ఎ1: ముగ్గురూ వచ్చి సంతకం పెడితే అదే మేలు. ఒక్కరు రాకపోయినా, ఆమె వాటా మేరకు వీలునామా రుజువు చేయాల్సిందే.