రెవెన్యూ ఆఫీసు మీద నమ్మకం: ధరణితో పోయిందా, భూభారతితో తిరిగొస్తుందా?

కొండాపూర్ కిరణ్
సంక్రాంతికి ఊరెళ్లొచ్చాను. కొత్తగా వచ్చిన గ్రామ పాలన అధికారి కోసం పంచాయతీ ఆఫీసు ముందు నలుగురు ముసలాళ్లు కాగితాలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. చూసి మనసు చివుక్కుమంది.

2020 సెప్టెంబర్‌లో తెలంగాణలో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థ రద్దు చేశారు. అక్టోబర్ 29న భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న దాన్ని పక్కనపెట్టి భూభారతి చట్టం, పోర్టల్ తెచ్చారు. సెప్టెంబర్‌లో మళ్లీ ఊరికో అధికారిని వేయడం మొదలుపెట్టారు. వాళ్లలో పాత వీఆర్వోలు, వాళ్ల కింది సహాయకులైన వీఆర్ఏలే ఎక్కువ. ఎవరి మీద నమ్మకం పోయిందని తీసేశారో వాళ్లనే తెచ్చి, నమ్మకం కలిగిస్తామంటే ఎలా?

మా తాత పోయాక విరాసత్ (వారసుల పేరుకు మార్పు) కోసం మా నాన్న రెండేళ్లు తిరిగాడు. చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడేవాడు. 2021లో మా చిన్నాన్న వాటా నేను కొన్నప్పుడు స్లాట్ బుక్ చేసుకుని వెళ్లాను. అరగంటలో రిజిస్ట్రేషన్, రికార్డులో పేరు మారే మ్యుటేషన్ రెండూ అయిపోయాయి. ఒక్కరు పైసా అడగలేదు. నాకు సర్కారు మీద నమ్మకం మొదటిసారి కలిగింది ఆ రోజే.

చెలక బిడ్డ
అన్నా, నీకు అరగంటల అయింది. మంచిదే. ఆ అరగంటలనే మా ఇల్లు కూలింది. తీరికగ రాస్త.

డాలస్ దయాకర్
కిరణ్ గారితో ఏకీభవిస్తున్నాను. ఇక్కడ కూర్చుని నా సర్వే నంబరు ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోగలిగాను. ముందు ఊళ్లో ఎవరికో ఫోన్ చేసి బతిమాలాల్సి వచ్చేది.

పాత పహాణీ
కిరణ్ గారూ, నేను వీఆర్వోగా చేసి, లాటరీలో వేరే శాఖకు పోయి, అక్కడే రిటైరైన వాణ్ణి. 2020 సెప్టెంబర్ 7న మధ్యాహ్నం మూడింటికల్లా రికార్డులన్నీ అప్పజెప్పమన్నారు. దొంగ ఇంటి మీద పోలీసులు పడ్డట్టు పట్టుకుపోయారు. రాష్ట్రంలో ఐదు వేల మందికి పైగా ఉన్నాం. అందరం దొంగలమేనా?

ఒక్క సంగతి ఆలోచించండి. ఈ నేలకు నిజాం కాలం సర్వే తర్వాత ఊరూరా పూర్తి సర్వే జరగలేదు. సేత్వార్, టీపన్ అనే పాత సర్వే కాగితాలు, 1954-55 ఖాస్రా పహాణీ అనే సాగు లెక్క, వీటి మీదే బండి నడిచింది. కాగితం మీదున్న విస్తీర్ణం ఒకటి, నేల మీదున్నది ఇంకొకటి. ఆ తేడా తెలిసింది ఏటా పొలాలు తిరిగి పహాణీ రాసేవాడికే. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన వంద రోజుల్లో ముగించమన్నారు. వందేళ్ల చిక్కు వంద రోజుల్లో వీడుతుందా? తేలనివన్నీ పార్ట్-బి అనే వివాదాల జాబితాలో పడేశాం. తప్పులతో సహా ఎక్కిన రికార్డునే కంప్యూటర్‌లో పెట్టి తాళం వేశారు.

కొండాపూర్ కిరణ్
మీరు చెప్పినవన్నీ ఒప్పుకున్నా, నా ప్రశ్న అలాగే ఉంది. అరగంటలో లంచం లేకుండా పని అయింది. అవునా, కాదా?

మూడు గుంటలు
మాకు మూడు గుంటలు తక్కువ ఎక్కింది. ధరణిలో తప్పులు దిద్దే టీఎం-33 కింద దరఖాస్తు పెట్టాను. రిజెక్ట్. కారణం రాయలేదు. మళ్లీ పెట్టాను. మళ్లీ రిజెక్ట్. ఎవరిని అడగాలో కూడా తెలియలేదు. లంచం అడిగేవాడు కూడా ఎదురుగా లేడు.

నల్లరేగడి
మా కర్నూలు వైపు కథ ఇంకోటి. రీసర్వే అన్నారు, హద్దురాళ్ల మీద, పాసుపుస్తకం మీద అప్పటి ముఖ్యమంత్రి ఫోటో వేసినారు. మా తాత ఇచ్చిన భూమి పుస్తకం మీద ఆయన ఫోటో ఏందని ఊరంతా మండిపడింది. భూమి హక్కు ఖరారు చేసే టైటిలింగ్ చట్టం 2023 అక్టోబర్‌లో అమల్లోకి వచ్చె, 2024లో ప్రభుత్వం మారంగానే రద్దాయె. ఇప్పుడు రాజముద్ర పుస్తకాలు. ఆ ఏడాది జూలైలోనే మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో ఫైళ్లు కాలిపోయినాయి. ప్రతి ఐదేండ్లకూ పుస్తకం మారుతుంటే దేన్ని నమ్మాలప్పా?

చెలక బిడ్డ
గిప్పుడు రాస్తున్న. పొడుగుంటది, జర ఓపిక పట్టున్రి.

మా బాపు 1998ల ఎకరం ఇరవై గుంటలు కొన్నడు. అమ్మినాయన అప్పటికే పట్నం పోయిండు. తెల్లకాయితం మీద రాసిచ్చిండు, నలుగురు పెద్దమనుషులు సంతకం పెట్టిన్రు. మా దిక్కు సగం ఊరు గట్లనే కొన్నది. రిజిస్ట్రేషన్‌కు పైసలెక్కడియి? పహాణీల పట్టాదారు కాలం‌ల ఆయన పేరే ఉండె, దున్నుకునేటోళ్లను రాసే అనుభవదారు కాలం‌ల బాపు పేరుండె. ఏటా పోయి నకలు తెచ్చుకొని బియ్యం డబ్బాల దాచుకునేది.

2016ల గిసోంటి తెల్లకాయితం అమ్మకాలు, అంటే సాదాబైనామాలు, రెగ్యులర్ చేస్తమంటే దరఖాస్తు ఇచ్చినం. రసీదు ఇచ్చిన్రు. పని కాలే. 2020 అక్టోబర్‌ల ఇంకోపారి ఇయ్యమన్నరు, ఇచ్చినం. దినాలు తిరగకముందే కొత్త చట్టం అమలైంది. అండ్ల సాదాబైనామా ముచ్చటే లేదు, పాత చట్టం రద్దయింది కాబట్టి హైకోర్టు ఆపింది. ధరణిల అనుభవదారు కాలమే తీసేసిన్రు. బాపు పేరు ఏడ లేకుంట పోయింది.

2021ల ఎండాకాలం ఒకనాడు పొద్దుగాల చేనుకాడికి పోతే గట్టు మీద తెలియని ట్రాక్టరు నిలబడ్డది. డ్రైవరు మంచోడే, "ఈ భూమి మా సారు కొన్నడు" అన్నడు. పట్నంల ఉన్నాయన కొడుకులు స్లాట్ బుక్ చేసి అమ్మిన్రు. మాకు నోటీసు లేదు. మమ్మల్ని అడిగినోడు లేడు. బాపు ఆ ట్రాక్టరు ముందటి టైరు పట్టుకొని కూసున్నడు, ఇంటికి రమ్మంటే రాలే.

కిరణన్నా, వాళ్లకు గూడ అరగంటనే పట్టి ఉంటది. వాళ్లను గూడ ఎవ్వలు పైసా అడిగి ఉండరు.

మూడు గుంటలు
అన్నా, బాపు ఎట్లున్నడిప్పుడు?

చెలక బిడ్డ
ఉన్నడు. కోర్టుకు తారీకు తారీకుకు వస్తడు. నేనొద్దన్నా వస్తడు.

కొండాపూర్ కిరణ్
చదివి బాధేసింది. కానీ ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. అమ్మిన భూమినే మళ్లీ అమ్మినవాళ్ల మోసం. తెల్లకాగితం మీద కొని ఇరవై ఏళ్లు రిజిస్ట్రేషన్ చేయించుకోకపోవడం మీ వైపు పొరపాటు కూడా. చట్టం తెల్లకాగితాన్ని నమ్మకూడదు. నమ్మితే రేపు ఎవడైనా దొంగ కాగితం పుట్టిస్తాడు, పాత తేదీ వేస్తాడు. పట్టా ఉన్నవాడిదే భూమి అన్న భరోసా ఉంటేనే జనానికి ప్రభుత్వం మీద నమ్మకం.

చెలక బిడ్డ
ఎవరి జనం? పట్టా ఉన్నోడే జనమా?

డాలస్ దయాకర్
ఆవేశం వద్దు, విషయం మాట్లాడుకుందాం. ధరణి నిర్వహణ ప్రైవేటు కంపెనీ నుంచి కేంద్ర ఐటీ సంస్థ ఎన్‌ఐసీకి 2024 చివర్లో మారింది కదా. డేటా భద్రత మీద కూడా చర్చ జరగాలి.

పాత పహాణీ
దయాకర్ గారూ, ఆయన తండ్రి ట్రాక్టరు టైరు పట్టుకుని కూర్చున్నాడని చెప్తుంటే డేటా భద్రత ఏమిటండీ.

కిరణ్ గారికి. ఊళ్లో మనిషి లేకపోవడం అంటే ఇదే. మేమున్నప్పుడైతే, అమ్మకం మ్యుటేషన్‌కు వచ్చినప్పుడు నోటీసు అంటించి, ఆ పొలంలో ఉన్నదెవరని అడిగే పద్ధతి ఉండేది. అన్ని ఊళ్లలో సరిగ్గా జరిగిందని నేననను. పద్ధతి మాత్రం ఉండేది.

కొండాపూర్ కిరణ్
ఆ పద్ధతే మా నాన్నను రెండేళ్లు తిప్పింది. సూటిగా అడుగుతున్నా, సూటిగా చెప్పండి. మీ ఉద్యోగంలో మీరు ఎప్పుడూ చేయి చాచలేదా? చాచి ఉంటే నమ్మకం గురించి మాట్లాడే హక్కు మీకెక్కడిది?

మానుకోట మిర్చి
పెద్దాయన్ని పట్టుకుని ఆ మాటలేంది? పట్నంల కూసోని

*[మిగతా భాగం తొలగించాను. కోపం రావచ్చు, తిట్లు వద్దు. కిరణ్ గారూ, మీరూ కాస్త తగ్గండి. – నిర్వాహకుడు]*

పాత పహాణీ
తొలగించనక్కర్లేదు, నేను జవాబు చెప్తాను.

చాచలేదు. ఇచ్చింది మాత్రం తీసుకున్నాను. పహాణీ నకలు రాసిచ్చినప్పుడు యాభయ్యో వందో చేతిలో పెడితే వద్దనలేదు. ఆఫీసుకు కాగితాలు, సిరా, జిరాక్సు ఖర్చులు మా జేబులోంచే పోయేవని అప్పట్లో సర్ది చెప్పుకున్నాను. ఇచ్చినవాడికి అది ఖర్చుల లెక్క కాదు, లంచమే. మీ నాన్నగారిలాంటి వాళ్లు చెప్పులు విడిచి వస్తుంటే వేసుకుని రండని నేను ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

2019 నవంబర్‌లో అబ్దుల్లాపూర్‌మెట్‌లో తహసీల్దారు మీద ఆఫీసులోనే పెట్రోలు పోసి నిప్పంటించారు. ఆ తర్వాత మా ఆఫీసులో బల్ల ముందు తాడు కట్టించారు, జనం దగ్గరికి రాకుండా. జనం మమ్మల్ని ఏమనుకుంటున్నారో ఆ తాడు ఇటువైపు కూర్చున్నప్పుడు తెలిసింది. ఆ కోపం ఊరికే పుట్టలేదని నాకు తెలుసు. అందుకే వ్యవస్థ రద్దు చేసినప్పుడు మా కోసం ఊళ్లో ఒక్కడు మాట్లాడలేదు.

కొండాపూర్ కిరణ్
ఇలా ఒప్పుకుంటారనుకోలేదు. నా మాట తీరుకు క్షమించండి సార్.

చెలక బిడ్డ
సార్ చెప్పిండు గదా, నువ్వూ ఒకటి చెప్పన్నా. నువ్వు కొండాపూర్‌ల ఉంటవ్. చిన్నాన్న వాటా గూడ కొన్నవ్. మరి ఆ భూమి ఎవలు దున్నుతున్నరు?

కొండాపూర్ కిరణ్
దానికీ దీనికీ ఏం సంబంధం?

చెలక బిడ్డ
ఉన్నది. చెప్పు.

కొండాపూర్ కిరణ్
కౌలుకిచ్చాం. మా నాన్న ఉన్నప్పటి నుంచి ఒకతనే చేస్తున్నాడు. పద్దెనిమిదేళ్లు దాటింది. నమ్మకస్తుడు.

చెలక బిడ్డ
పద్దెనిమిదేండ్ల నమ్మకం. అతని పేరు సర్కారు కాయితం‌ల ఏడన్న ఒక్కకాడ ఉన్నదా?

రైతుబంధు 2018 నుంచి ఎవరి ఖాతాల పడ్డది? వడ్లు సెంటర్‌ల ఎవరి పాసుబుక్కు మీద అమ్ముతుండు? మా దిక్కు ఒకాయన కౌలు భూమిల పండించిన వడ్ల పైసలు పట్టాదారు ఖాతాల పడితే, బ్యాంకోళ్లు పట్టాదారు పాత బాకీ కింద పట్టుకున్నరు. పండించినాయన ఇంకా తిరుగుతనే ఉన్నడు.

కొండాపూర్ కిరణ్
డబ్బు నా ఖాతాలో పడిన రోజే అతనికి పంపిస్తాను. రైతుబంధు మాత్రం మేమే వాడుకున్నాం, దాచను. కౌలు తగ్గించాం దానికి బదులు.

అనుభవదారు కాలం మళ్లీ తెస్తారన్న మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. అసలు సంగతి అదే. అతని పేరు ఒక్కసారి రికార్డుకెక్కితే, రేపు అతని కొడుకులు మాదే అంటే? మా తాతకు, కౌలుదారుకే హక్కు ఇచ్చే 38-ఇ సెక్షన్ కింద ఇలాగే నాలుగెకరాలు పోయాయని ఇంట్లో చెప్పుకుంటూనే పెరిగాను. వీఆర్వో అంటే నాకు భయం లంచం వల్ల ఒక్కటే కాదు. పెన్సిలుతో ఒక పేరు రాసేయగలడు, అది భయం. కంప్యూటర్‌లో నా పేరు ఒక్కటే కనిపిస్తే నాకు ధైర్యంగా ఉంటుంది.

చెలక బిడ్డ
గిది ముందే చెప్తే ఇంత లొల్లి ఎందుకయ్యేది. నీకు ధైర్యమిచ్చిన తెర మీదనే మా బాపు పేరు మాయమైంది. నీకు నమ్మకం ఎందుకొచ్చిందో మాకు ఎందుకు పోయిందో, రెండూ ఒక్క కాలం‌లనే ఉన్నయ్.

పాత పహాణీ
38-ఇ గురించి ఒక్క మాట. అది 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టంలోది. అప్పట్లో గుర్తించిన రక్షిత కౌలుదార్లకు సంబంధించింది. మొన్నమొన్న కౌలుకు తీసుకున్నవాడి పేరు పహాణీలో రాస్తే భూమి అతనిదైపోదు. కానీ ఆ భయం మూడు తరాలుగా ఉంది, చట్టం చదివి వినిపిస్తే పోయేది కాదు.

అందుకే 2011లో, ఉమ్మడి రాష్ట్రంలో, పహాణీతో సంబంధం లేకుండా కౌలుదార్లకు రుణ అర్హత కార్డులివ్వాలని వేరే చట్టం తెచ్చారు. యాజమాన్యం జోలికి పోదు, పంట వరకే. రాష్ట్రం వచ్చాక మన దగ్గర దాన్ని మూలన పడేశారు. ఆంధ్రలో 2019లో పంట సాగుదారు కార్డులు తెచ్చారు, పదకొండు నెలల గడువుతో.

నల్లరేగడి
మా తట్టు ఆ కార్డుకు భూమిగలాయన సంతకం కావాల. ఎవరూ పెట్టరు. నేనూ పెట్టలే. కిరణ్ భయమే నాకూ.

మూడు గుంటలు
భూభారతిలో అప్పీలు ఉందంటున్నారు, ఆర్డీవోకు, కలెక్టర్‌కు. పాత చట్టంలో నేరుగా సివిల్ కోర్టే గతి. ఊళ్లో పెట్టిన రెవెన్యూ సదస్సులో దరఖాస్తు ఇచ్చాను. ఈసారి కారణం రాసి తిరస్కరించినా చాలు, అప్పీలుకు పోతా.

చెలక బిడ్డ
మేము గూడ సదస్సుల ఇచ్చినం. 2025 ఆగస్టుల హైకోర్టు అడ్డంకి తొలిగింది గదా, సాదాబైనామాలు చూస్తమంటున్నరు. మాదైతే అమ్ముడుపోయిన భూమి, కోర్టు తేల్చాలె. అయినా కొత్తగ వచ్చిన గ్రామ పాలన ఆఫీసరు చేనుకాడికి వచ్చిండు. బాపును పిలిచి హద్దులు చూపియ్యమన్నడు. కాయితం మీద ఏం రాసుకున్నడో తెల్వదు. బాపు మాత్రం ఇంటికొచ్చి, "ఇన్నేండ్లకు ఒకడొచ్చి నన్ను అడిగిండురా" అన్నడు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నడు.

కొండాపూర్ కిరణ్
ఈ ఆదివారం మళ్లీ ఊరెళ్తున్నాను. పద్దెనిమిదేళ్లలో అతన్ని నేనొక్కసారీ అడగలేదు, నీకేం కాగితం కావాలని. అడుగుతాను. పహాణీలో పేరు రాయడానికి మాత్రం నేనింకా ఒప్పుకోను, చెలక బిడ్డా. పంట వరకే కార్డు లాంటిది ఏమైనా ఉంటే సంతకం పెడతాను.

చెలక బిడ్డ
అడుగన్నా. అడిగేటప్పుడు మీ అరుగు మీద కూసోని అడగకు. చేనుకాడికి పో.