సమస్యాపూరణం: ఆరు మొగముల మణి

సమస్య (తేటగీతి): "ఆరు మొగముల మణియందు నారు లేదు"

విశాఖ మిత్రులకు నమస్కారం. మణి అంటే ముఖాలు తేరిన ఏ స్ఫటికమైనా కావచ్చును గాని, లేదనవలసిన ఆరు మాత్రం ఒక పూర్తి భ్రమణంలో ఆరుసార్లు తొలి రూపాన్నే చూపే సౌష్ఠవాక్షమని పూరణలో తేలాలి.

పెదవాల్తేరు సభ్యులు:

స్ఫటిక మక్షమునఁ దిరుగఁ జక్కఁ జూడ
మూడె సారులు దోఁచును మొదటి రూపు
కొనలఁ బెద్దవి చిన్నవి కూడి మెఱయ
ఆరు మొగముల మణియందు నారు లేదు

పరిశీలన: ఈ పూరణలోని స్ఫటికం క్వార్ట్జ్ (పలుగురాయి) అనే ఖనిజం. క్వార్ట్జ్‌ను ఎంచుకోవడం సముచితం. మూడవ పాదమే బలహీనం. ముఖాల పరిమాణం పెరుగుదలను బట్టి మారుతుందని, కోణాలు మాత్రం మారవని డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు స్టెనో 1669లోనే చెప్పాడు. పైగా కొనలోని రెండు రకాల ముఖాలూ అక్షంతో ఒకే కోణం చేస్తాయి కనుక, అవి సమానంగా పెరిగిన రాయి అచ్చంగా ఆరు పలకల గోపురంలాగే కనిపించి పరీక్షకుణ్ణి మోసగిస్తుంది. నికరమైన సాక్ష్యం ఒక మూల విడిచి ఒక మూలన కనిపించే చిన్న ముఖాలది. కాబట్టి ఈ సవరణ:

మూల విడి మూలఁ జిఱుమోము మొలచుకతన

గాజువాక సభ్యులు పచ్చను వర్ణించారు. ఛందస్సు నిర్దోషమే గాని, పచ్చ బెరిల్ అనే ఖనిజ జాతిది. అది 60 డిగ్రీలకొకసారి తన రూపంతో తానే కలుస్తుంది. అక్కడ ఆరు ఉన్నది కనుక పూరణ చెల్లదు.

భీమిలి సభ్యురాలు:

మూడు తోబుట్టు మణు లొక్క ముడిగఁ బెరిగి
వేషమును దాల్చె నారుగ, విప్పి చూడ
రెండు మలుపుల సౌష్ఠవరీతి గాన
ఆరు మొగముల మణియందు నారు లేదు

పరిశీలన: అమ్మా, ఇది వైడూర్యపు జాతియైన క్రిసోబెరిల్ అని ఊహించగలిగాము, మన నర్సీపట్నం వైపు దొరికే రాయే. మూడు స్ఫటికాలు దాదాపు 60 డిగ్రీల వాలున ఒకదానినొకటి చొచ్చుకొని పెరగడం వలన ఆరు పలకల భ్రమ కలుగుతుంది, ఒక్కొక్కదానిలో ఉన్నవి రెండేసి ఆవృత్తుల అక్షాలే, అంటే ఒక పూర్తి భ్రమణంలో రెండుసార్లే తొలి రూపాన్ని చూపేవి. "మణియందు" అన్న ఏకవచనానికి మూడు మణులు పొసగవని ఒకరు ఆక్షేపించారు గాని, చూపరికి అది ఒక్క రాయే కనుక ఆక్షేపణ నిలువదు. జాతి పేరు పద్యంలోనే ఉంటే ఇంకా బాగుండేది.

ఉప్పురవ్వను ఎవరూ తలపెట్టకపోవడం ఆశ్చర్యం. ఘనానికి ముఖాలు ఆరే, అయినా ముఖమధ్యాల గుండా నాలుగు ఆవృత్తుల అక్షాలు, మూలల గుండా మూడు ఆవృత్తుల అక్షాలు పోతాయే తప్ప ఆరు ఆవృత్తులది ఒక్కటీ లేదు.